ఇంటి కుండ, రాజముద్ర

నాలుగేళ్ళ క్రిందట నేనొక హిందీ కథను తెనిగించాను. ఝార్ఖండ్ ప్రాంతపు సంతాల్ కుటుంబాన్ని గూర్చిన కథ అది. అందులో ఒక తల్లి, కొడుకు పెండ్లికి నాలుగు రోజుల ముందు, పితృదేవతలకూ చుట్టాలకూ కావలసిన హండియాను సిద్ధం చేస్తుంది. ఆ వాక్యాన్ని నేను ‘‘తల్లి ఇంట్లో సారా కాచింది’’ అని వ్రాశాను. పుస్తకం అచ్చయింది. సమీక్షకులెవరూ ఆ మాట దగ్గర ఆగలేదు. ఆగినది సూరత్ జిల్లాలో కిమ్ అనే ఊళ్ళో కాపురమున్న మా మిత్రుని ఇల్లాలు.

కిమ్ సూరత్‌కు ఉత్తరంగా, బరోడా పోయే రైలుమార్గం మీద ఉన్న చిన్న పట్టణం. ప్రక్కన అదే పేరుగల నది. సూరత్ మరమగ్గాల నమ్ముకొని తెలంగాణానుంచి తరలివచ్చిన పద్మశాలీల సంగతి మన రచయితలకు తెలిసినదే. మా మిత్రుడు నేత పనివాడు కాడు. ఒక నేత కర్మాగారంలో లెక్కలు చూచేవాడు. వారిది కోనసీమ. ఆ ఇంట భోజనం చేసి కూర్చున్న తరువాత, ఆమె నా పుస్తకం తెచ్చి, వేలు పెట్టి చూపి, ‘‘అన్నయ్యగారూ! అన్నం వండింది, చాపమీద ఆరబోసింది, మందుబిళ్ళ పొడి కలిపింది, కుండలో వేసి మూత పెట్టింది అన్నారు. బాగానే ఉన్నది. మరి ఇంక కాచినది ఎప్పుడండీ? సారా కాయాలంటే మళ్ళీ పొయ్యి రాజేయాలిగదా?’’ అని అడిగారు.

నా దగ్గర సమాధానం లేదు. మా మిత్రుడు మాత్రం లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు. మద్యనిషేధం అమలులో ఉన్న రాష్ట్రంలో ఇట్టి చర్చ బిగ్గరగా సాగడం ఆయనకు నచ్చలేదు కాబోలు.

ఆమె పట్టిన తప్పు చిన్నది కాదు. మూలంలోని తల్లి ధాన్యాన్ని పులియబెట్టి, బీరు జాతికి చెందిన పానీయాన్ని, తన ఇంటికోసం తయారు చేసింది. నా అనువాదంలోని తల్లి బట్టీ పెట్టి సారా దించింది. మొదటిది ఆచారం, రెండవది మన పాఠకుని మనస్సులో నేరం. ఒక్క క్రియాపదంతో నేనొక గృహిణిని పోలీసులకు పట్టించాను.

అయితే ఏ క్రియ వాడవలసినది? తెలుగులో కల్లు గీస్తారు, సారా కాస్తారు, దించుతారు, పిండి పులియబెడతారు, ఊరగాయ పెడతారు. ధాన్యంతో చేసే మదిరకు మాత్రం మన గ్రంథభాషలో స్థిరపడిన క్రియ లేదు. నిఘంటువులు ‘కాచు’ అని ఊరుకొంటాయి. దానికి కారణం మనకు ఆ విద్య బొత్తిగా తెలియకపోవడం కాదని నా అభిప్రాయం. మన సాహిత్యం మద్యాన్ని ఎప్పుడూ తాగేవాని వైపునుంచి, లేదా అమ్మేవాని వైపునుంచి చూచింది. కల్లుపాక, సారాకొట్టు, తూలుతూ ఇల్లు చేరే మగడు, ఏడ్చే ఆలు, ఇవే మన దృశ్యాలు. కుండ ముందు కూర్చున్న స్త్రీ వాటిలో లేదు. ‘బీరు’ అనే మాట మన భాషలోకి వచ్చేటప్పటికి సీసాలోనే వచ్చింది.

ఆ ఇల్లాలికి మాత్రం కుండ తెలుసు. వారి అమ్మమ్మగారింట తరవాణి కుండ ఉండేదట. గంజీ కడుగూ పోసి, కాస్త అన్నం వేసి, మూలన కదలకుండా ఉంచి, పులిసిన ఆ నీటిలో నానిన అన్నాన్ని ప్రొద్దుటిపూట పిల్లలకూ ఆడవాళ్ళకూ పెట్టేవారు. కుండ ఖాళీ కానిచ్చేవారు కారు. తీసినంత తిరిగి పోసేవారు. తరవాణిలో మత్తు లేదు, పులుపే ఉన్నది. కాని దానిని నడిపించే ఒడుపు ఏదో అదే హండియా కుండను కూడా నడిపిస్తుంది. ఏ పూటకు పులుపు ఎక్కుతుంది, వేసవిలో ఎంత త్వరపడాలి, ఏ గరిటె ముంచితే కుండ చెడుతుంది అన్నవి చేతికి, ముక్కుకు తెలిసే సంగతులు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్ష ప్రకరణమొకటి ఉన్నది. ద్వితీయాధికరణంలోని ఇరువదియైదవ అధ్యాయం. 1909లో శామశాస్త్రిగారు ఆ గ్రంథాన్ని తొలిసారి అచ్చు వేసినప్పటినుంచి రాజనీతి పండితులు దానిని పన్నుల కోసం చదివారు. వంటయింటి దృష్టితో చదివినవారు తక్కువ. అందులో ‘మేదకం’ అనే పానీయానికి పాళ్ళు ఇచ్చారు: ఒక ద్రోణం నీరు, అర ఆఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం. ద్రోణానికి నాలుగు ఆఢకాలు, ఆఢకానికి నాలుగు ప్రస్థాలు గనుక, పదహారు పాళ్ళ నీటికి రెండు పాళ్ళ బియ్యం, మూడు పాళ్ళ కిణ్వం అన్నమాట. ఇంతకూ కిణ్వమంటే ఏమిటి? మినుముల ముద్ద, పచ్చిదైనా ఉడికినదైనా సరే, దానికి మూడవవంతు హెచ్చుగా బియ్యం, కొద్దిగా మూలికలు. ఈ పాళ్ళు చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మౌర్యుల మదిరకు మూలమైన మినుములూ బియ్యమూ నేటికీ మన ఇండ్లలో రాత్రి రుబ్బి, తెల్లవారి అట్లు పోసుకొంటున్నాము. ఈ రెండూ ఒకటేనని చెప్పడానికి సాక్ష్యం లేదు, నేను చెప్పను. కాని ఆ ప్రకరణంలోని వస్తువులలో మన ఇల్లాలికి పరాయిది ఏదీ లేదు. సురకూ కిణ్వానికీ కావలసిన వాటిని ఏరి సిద్ధపరచే పని స్త్రీలకు, పిల్లలకు అప్పగించాలని కౌటిల్యుడే చెప్పాడు.

అంతకు ముందటి శ్రౌత వాఙ్మయంలో సౌత్రామణి యాగం ఉన్నది. సోమం ఎక్కువై జబ్బుపడిన ఇంద్రుణ్ణి అశ్వినులు, సరస్వతి బాగుచేసిన కథ దానికి మూలం. ఆ యాగానికి కావలసిన సురకు శష్పం, తోక్మం, లాజలు, నగ్నహువు అని సంభారాలు. శష్పం మొలకెత్తించిన వడ్లు. తోక్మం మొలకెత్తించిన యవలు. లాజలు మనకు తెలిసిన పేలాలే. నగ్నహువు పులియజేసే ద్రవ్యం. మూడు రాత్రులు ఊరనిస్తారు. శతపథ బ్రాహ్మణం ఈ తతంగమంతా వివరిస్తుంది. సుర అనగానే ద్రాక్షాసవం అనో, సారా అనో అనువదించే అలవాటు మనకున్నది. జేమ్స్ మెక్‌హ్యూ 2021లో ప్రకటించిన పుస్తకంలో ఈ పానీయాల నన్నిటినీ ఓపికగా వేరుచేసి చూపాడు. ధాన్యంతో చేసిన సుర, బీరుకు దగ్గరి చుట్టం.

ఇక్కడ ఒక శాస్త్ర విషయం చెప్పక తప్పదు. ధాన్యంలో ఉన్నది పిండి. పులియడానికి కావలసినది చక్కెర. పిండి చక్కెరగా మారనిదే మదిర లేదు. దానికి లోకంలో ముఖ్యంగా రెండు దారులున్నవి. ఒకటి గింజను మొలకెత్తించడం; మొలకలో పుట్టే జీవరసాలు పిండిని తీపి చేస్తాయి. ఐరోపావారి దారి ఇది. సౌత్రామణిలో కనిపించేదీ ఇదే. రెండవది బూజుతో పిండిని కరిగించడం. చైనా, జపాను దేశాలది, హండియాలో వేసే ‘రాను’ బిళ్ళలది ఈ దారి. బియ్యపుపిండీ అడవి మూలికలూ కలిపి చేసే ఆ బిళ్ళలో బూజూ ఉంటుంది, మధుశిలీంధ్రమూ ఉంటుంది.

నేడు ఇంట బీరు చేయడం మొదలుపెట్టే పాశ్చాత్యుడు చేసేది ఏమి? మొలకెత్తించి ఎండబెట్టిన యవలను పగులగొట్టి, సుమారు 65 నుంచి 68 డిగ్రీల వేడి నీటిలో గంటసేపు ఉంచుతాడు. తీపి దిగిన నీటిని వడగట్టి, హాప్స్ అనే చేదుపూలు వేసి మరిగిస్తాడు. చల్లార్చి మధుశిలీంధ్రం కలిపి, ఒకటి రెండు వారాలు మూతపెట్టి ఉంచుతాడు. మొదటిసారి చేసేవారు చెడగొట్టుకొనేది మరిగించిన తరువాతనే: పాత్ర సరిగా కడుగకపోవడం, చల్లారకుండానే శిలీంధ్రాన్ని వేయడం, ఎండలో ఉంచడం. ఇరవై డిగ్రీల చల్లదనం కావాలంటారు; కిమ్‌లో మే నెలలో అది వినడానికే బాగుంటుంది. ఇందులో మొలకెత్తించడం, ఎండబెట్టడం, పగులగొట్టడం మనవారు రాగులతో ఇంటింటా చేస్తూనే ఉన్నారు. ఆ పొడిని ‘రాగి మాల్ట్’ అంటారు. జావ కాచి పసిపిల్లలకు పడతారు. మాల్ట్ అన్న మాట మన ఇంట్లోకి పాలబుడ్డితో వచ్చింది. అది బీరుకు మొదటి మెట్టు అని ఎవరూ తలచరు.

పులియడం దేనివల్లనో శాస్త్రజ్ఞులకు తెలిసినది చాలా ఆలస్యంగా. 1516లో బవేరియా ప్రభువులు బీరులో యవలు, హాప్స్, నీరు తప్ప మరేదీ ఉండరాదని శాసించినప్పుడు శిలీంధ్రం పేరైనా ఎత్తలేదు. పాశ్చర్ బీరును గూర్చిన గ్రంథం 1876లో వెలువడింది. 1883లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్‌సెన్ శుద్ధమైన శిలీంధ్రాన్ని విడిగా పెంచగలిగాడు. అంతవరకు కిణ్వాన్ని కాపాడినవారు కుండలను కడగక ఉంచుకొన్న ఆడవారు, పాత కుండనుంచి కొత్త కుండకు గరిటెడు మార్చినవారు.

ఇక రాజముద్ర సంగతి. అర్థశాస్త్రం మద్యాన్ని రాజు గుత్తగా చేసింది నిజమే. ఎక్కడ అమ్మాలి, ఎంత అమ్మాలి, ఎవరు కూర్చుని తాగుతున్నారు, అన్నీ నిఘాలోనే ఉండాలి. అయినా ఆ ప్రకరణం చివర ఒక మినహాయింపు ఉన్నది. కుటుంబులు తమ ఇంటి శుభకార్యాలకు శ్వేతసురను, ఔషధార్థం అరిష్టాన్ని చేసికొనవచ్చును. ఉత్సవాలలో, జాతరలలో నాలుగు రోజులు అనుమతి. అంతటి కఠినుడైన శాస్త్రకారుడు కూడా పెండ్లివారి కుండ జోలికి పోలేదు.

ఆ పని చేసినది పందొమ్మిదవ శతాబ్దపు అబ్కారీ. మన్యంలో ఏమి జరిగినదో తెలుగువారికి తెలిసినదే గాని, ఈ కోణంనుంచి మరొకసారి చూడాలి. రంప ప్రాంతపు కొండరెడ్లకూ కోయలకూ కల్లు ఒక వ్యసనం కాదు. కొన్ని మాసాలలో అది ఆహారం. చెట్టు గీసుకొని ఇంట తాగేవారు. మన్సబుదారు దానిపై ‘చిగురుపన్ను’ వేశాడు. మన భాషలో ఇంత అందమైన పేరు గల దుర్మార్గం మరొకటి నాకు గుర్తు రాదు. ఆ మీదట మద్రాసు ప్రభుత్వం సొంత వాడకానికి సైతం అనుమతి లేనిదే గీయరాదని కట్టడిచేసి, కల్లు రాబడిని గుత్తదారులకు వేలం వేసింది. 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో పోలీసులమీద దాడితో తిరుగుబాటు మొదలైంది. గొలుగొండకూ రేకపల్లికీ ప్రాకింది. తమ్మన్నదొర, అంబులరెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య నాయకులు. 1880 గడచేవరకు అది పూర్తిగా అణగలేదు. కారణాలు ఇంకా ఉన్నవి: మన్సబుదారు దోపిడి, పోలీసుల లంచాలు, షావుకార్ల డిక్రీలు. విచారణకు వచ్చిన సల్లివాన్ ఇవన్నీ నమోదు చేశాడు. కాని వాటిలో తొలి వరుసలో నిలిచినది ఇంటి చెట్టు కల్లు తాగడానికి పరాయివాని సెలవు కావలసి రావడమే.

ఇదే కాలంలో కిమ్ పరిసరాలలో ఏమి జరుగుతున్నది? కిమ్‌నుంచి తూర్పుగా పోయే దారి మాండవీ వైపు, చౌధరీ, గామిత్ మొదలైన ఆదివాసుల పల్లెలకు పోతుంది. వారి దేవతలకు ఇప్పపువ్వు దారూ నైవేద్యం, ఈతకల్లు నిత్యపానీయం. దారూ నిజంగా పొయ్యిమీద కాచేదే. నా తప్పు క్రియ అక్కడ ఒప్పు అయ్యేది. వారు దానిని ఇంటనే చేసికొనేవారు. 1878 నాటి బొంబాయి అబ్కారీ చట్టం ఇంటి తయారీని నేరం చేసింది. సర్కారు బట్టీలో చేసిన దారూను దుకాణంలో కొనుక్కొమ్మన్నది. 1892లో ఇప్పపువ్వును నిలువ చేసికొనడంమీద కూడా బొంబాయి ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. దుకాణదారులు ఎక్కువగా పార్సీలు. అప్పు మీద దారూ, అప్పు తీరక పొలం పోవడం. ఈ కథ డేవిడ్ హార్డిమన్ 1987లో ప్రకటించిన ‘ది కమింగ్ ఆఫ్ ది దేవి’ అన్న గ్రంథంలో సవిస్తరంగా ఉన్నది.

మన్యంలో ఆయుధం పట్టారు. సూరత్ జిల్లాలో జరిగినది వేరు. 1922 నవంబరు నాటికి సలాబాయి అనే దేవి పల్లె పల్లెకు దిగింది. పందిళ్ళ క్రింద వేలమంది కూడారు. పూనకం వచ్చినవారి నోట దేవి ఆజ్ఞలు వెలువడ్డవి: దారూ మానండి, కల్లు మానండి, మాంసం మానండి, రోజూ స్నానం చేయండి, మద్యం అమ్మే పార్సీల కొలువు మానండి. జనం మానారు. దుకాణాలు వెలవెలబోయాయి. పూనకం గదా అని నవ్వుకొన్న అధికారులకు రాబడి లెక్క చూచిన తరువాత నవ్వు ఆగిపోయి ఉంటుంది.

ఇంకొక విచిత్రమున్నది. 1922 ఆగస్టులో మన్యంలో పితూరీ లేవదీసిన అల్లూరి సీతారామరాజు, అంతకు ముందు కొండప్రజలకు చెప్పినది కూడా కల్లు మానండి అనే. తాతలు ఏ కుండకోసం ప్రాణాలిచ్చారో ఆ కుండను మనుమలు తమంత తామే వదలడానికి సిద్ధపడ్డారు. ఇందులో వైరుధ్యం ఉన్నదని నేననుకోను. 1879లో కుండ ఇంకా ఇంటిది. 1922 నాటికి అది దుకాణానిదైపోయింది. తమది కానిదాన్ని వదలివేయడమే తమను తాము తిరిగి దక్కించుకొనే దారిగా వారికి తోచి ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాలు మూయించినప్పుడు వారు ఎదిరించినదీ ఇంటి కుండను కాదు, వేలంపాట పాడుకొని పల్లె మీదికి వచ్చిన సారాయినే. ఆ ఉద్యమాన్ని తక్కువచేసే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు. 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అది సడలింది. సీసా తిరిగి వచ్చింది.

1930 మార్చి చివర గాంధీ కిమ్ నదికి ఆవలి పల్లెలనుంచి ఈవలికి వచ్చి, 29న ఓల్పాడ్ తాలూకాలోని భాట్గామ్‌లో మాట్లాడాడు. తమ యాత్రలో కూలివాని తలమీద దీపం మోయించిన ఆడంబరానికి తన్ను తానే నిందించుకొన్న ప్రసంగమది. ఇంట ఉప్పు వండుకొనే హక్కు కోసం నడచిన ఆ యాత్ర సాగిన జిల్లాలోనే ఈతచెట్లను కొట్టివేశారు. ఉప్పుకు ఒక న్యాయం, కల్లుకు ఒక న్యాయం. ఉప్పు ఎవరి కాపురమూ కూల్చదుగదా అని ఎవరైనా అనవచ్చును, ఆ మాటకు నేను ఎదురు చెప్పలేను. అయినా రెండింటి విషయంలోనూ సర్కారు చేసినది ఒకటే: ఇంట జరిగే పనిని తన ఖజానాకు మళ్ళించడం.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1949లో బొంబాయి మద్యనిషేధ చట్టం వచ్చింది. 1951లో బల్సారా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దానిని చాలావరకు నిలబెట్టి, మద్యసారం కలిగిన మందుల, సౌందర్యద్రవ్యాల విషయంలో మాత్రం కొట్టివేసింది. కౌటిల్యుడు అరిష్టానికి ఇచ్చిన మినహాయింపు ఈ విధంగా న్యాయస్థానం ద్వారా తిరిగి వచ్చింది, శ్వేతసురకు రాలేదు. 1960లో గుజరాతు వేరుపడినప్పుడు ఆ చట్టం వెంట వచ్చింది. 2017 సవరణతో తయారీకి పదేండ్లవరకు శిక్ష. 2023 డిసెంబరులో గాంధీనగర్ చెంత గిఫ్ట్ సిటీలోని విందుశాలలకు కొంత సడలింపు ఇచ్చారు. దుకాణానికే సడలింపు, ఇంటికి కాదు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో ఆదివాసులకు ఇంటి వాడకానికి పరిమితిలో ఇప్పసారా అనుమతి ఉన్నది. అది మినహా మన దేశంలో ఈ విషయమై గృహస్థుని తలచుకొన్న చట్టాలు అరుదు.

ఇంగ్లాండులో 1880లో ఇంట బీరు చేసికొనేవారికి లైసెన్సు పెట్టారు, 1963లో తీసివేశారు. అమెరికాలో 1933లో నిషేధం పోయినా, ఇంట ద్రాక్షాసవం చేసికొనడానికి దొరికిన వెసులుబాటు బీరుకు దొరకలేదు. 1978లో కార్టర్ సంతకంతో అది సరిపడింది. పెద్దవారు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు. ఆ దేశంలో స్థిరపడిన మనవారి పిల్లలు ఎవరైనా గారేజీలో యవలు నానబెట్టుకొంటే అది చట్టానికి లోబడిన సరదా. అదే పని కిమ్‌లో చేస్తే కారాగారం. అదే పని ఒక సంతాల్ తల్లి చేస్తే, నావంటి అనువాదకుని చేతిలో ‘సారా కాచడం’.

తిరిగి ఆ మధ్యాహ్నానికి వస్తాను. ఏ మాట వేయమంటారమ్మా అని ఆమెనే అడిగాను. ఆమె తడుముకొనలేదు. ‘‘పాలకు ఏం చేస్తామండీ? తోడు పెడతాం. అన్నానికీ అంతే. కుండకు తోడు పెట్టింది అనండి’’ అన్నారు. కిణ్వం అన్న మాటకు నేను నిఘంటువులు తిరగవేసి పొందలేకపోయిన తెలుగు అది. ఒంటరిగా పులియని దానికి జతగా వేసేది గనుక తోడు. గరిటెడు వేస్తే కుండంతా తనవంటిదే అవుతుంది గనుక కూడా తోడు.

రెండవ ముద్రణలో ‘‘తల్లి పెండ్లికుండకు తోడు పెట్టింది’’ అని దిద్దాను. ఒక ప్రతి కిమ్‌కు పంపాను. నెల తిరిగాక మా మిత్రుడు ఉత్తరం వ్రాశాడు. వాక్యం బాగున్నదని ఆమె అన్నారట. అయితే చలికాలంలో పెండ్లి గనుక నాలుగు రోజులకు పులిసి ఉండదనీ, కథకుడు మగవాడై ఉంటాడనీ కూడా అన్నారట.